బ్యాగు మీరే మోసుకోవాలి

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో ఒకాయన మీ సీటు దగ్గరికి వచ్చి, "రేపు గోల్ఫ్‌కి నలుగురం అనుకున్నాం, ఒకరు తగ్గారు, వస్తావా?" అంటాడు. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువారికి ఈ పిలుపు ఏదో ఒకనాడు వస్తుంది. అక్కడి ఆసుపత్రుల్లో పనిచేసే మన డాక్టర్లకు ఇంకాస్త ముందే వస్తుంది. "నాకు ఆట రాదండీ" అని మనం తప్పించుకుంటాం. ఆయన మర్యాదగా సరేనంటాడు. మళ్లీ అడగడు.

ఆట రాదన్నది నిజమే కావచ్చు. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికీ పెద్దగా రాదు. ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే అదనపు దెబ్బల వెసులుబాటును హ్యాండిక్యాప్ అంటారు, ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో దాని గరిష్ఠం 54. అంటే పద్దెనిమిది హోల్స్‌లో ఒక్కోదానికి మూడేసి దెబ్బలు ఎక్కువ పట్టే మనిషికి కూడా ఆ లెక్కలో చోటుంది. వారాంతపు ఆటగాళ్లు బంతిని చెట్లలోకి కొట్టడం, ఇసుకలో నాలుగుసార్లు తవ్వడం, తమను తామే తిట్టుకోవడం అక్కడ రోజూ జరిగేవే. మీ స్వింగ్ ఎంత వికారంగా ఉన్నా సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. గుర్తుండేవి వేరే ఉన్నాయి: ఎంత ఆలస్యం చేశారు, మైదానాన్ని ఎలా వదిలి వెళ్లారు, ఇంకొకరు కొడుతున్నప్పుడు ఎక్కడ నిలబడ్డారు. వీటిని కర్ర పట్టుకోకుండానే ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.

ముందు, వెళ్లే చోటు ఎలాంటిదో తెలియాలి. టీవీలో బ్రిటిష్ ఓపెన్ చూసినవాళ్లకు సముద్రపు గాలి, ఇసుక దిబ్బలు, ఎండి పసుపెక్కిన గడ్డి గుర్తుంటాయి. అవి తీరం వెంట ఉండే లింక్స్ కోర్సులు. 1860లో మొదలైన ఆ పోటీ ఇప్పటిదాకా వాటి మీదే జరుగుతోంది. మీ సహోద్యోగి తీసుకెళ్లేది బహుశా పార్క్‌లాండ్ కోర్సు. తీరానికి దూరంగా, చాలాసార్లు ఒకప్పటి దొరల ఎస్టేటులో, ఓక్, బీచ్ చెట్ల మధ్య పరుచుకున్న పచ్చిక అది. పద్దెనిమిదో శతాబ్దంలో కేపబిలిటీ బ్రౌన్ అనే ఉద్యాన శిల్పి ఇంగ్లండ్ ప్రభువుల భవనాల చుట్టూ గీత గీసినట్టున్న తోటల స్థానంలో ఒంపులు తిరిగిన పచ్చికలు, గుంపులు గుంపులుగా చెట్లు, చెరువులు తీర్చాడు. ఆయన గోల్ఫ్ కోసం చేయలేదు గానీ, చూస్తే దానికోసమే చేసినట్టుంటుంది. కాలం మారి అంతంత భూములు ఆ కుటుంబాలకు భారమయ్యాక చాలాచోట్ల క్లబ్బులు వెలిశాయి. లండన్‌కు వాయవ్యంగా రిక్‌మన్స్‌వర్త్ దగ్గరున్న మూర్ పార్క్ అలాంటిదే. 1750లలో బ్రౌన్ తీర్చిన ఆ పార్కులో హ్యారీ కోల్ట్ గోల్ఫ్ కోర్సులు గీశాడు, 1923లో క్లబ్బు మొదలైంది. గోడల నిండా వర్ణచిత్రాలున్న ఆ పాత భవనమే ఇప్పుడు క్లబ్ హౌస్.

అదే కోల్ట్ 1908లో గీసిన కోర్సు స్టోక్ పార్క్‌లో ఉంది. 1964 నాటి 'గోల్డ్‌ఫింగర్' సినిమాలో జేమ్స్ బాండ్ విలన్‌తో గోల్ఫ్ ఆడేది అక్కడే. 2021లో ఆ ఎస్టేటును రిలయన్స్ సంస్థ 5.7 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. కాబట్టి పెద్ద గేటు, కంకర దారి, దూరంగా తెల్లని స్తంభాల భవనం కనిపించగానే "ఇది మనలాంటివాళ్లు వచ్చే చోటు కాదేమో" అని కారు వెనక్కి తిప్పనవసరం లేదు.

మొదటిసారికి అంత దూరం అక్కర్లేదు కూడా. సభ్యత్వం లేకుండా డబ్బు కట్టి ఆడుకునే 'పే అండ్ ప్లే' కోర్సులు, కౌన్సిల్ నడిపే కోర్సులు ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లలో ఉన్నాయి. సభ్యుల క్లబ్బులు కూడా చాలామటుకు 'విజిటర్' పేరుతో బయటివాళ్లను రానిస్తాయి. దానికి కట్టేది గ్రీన్ ఫీ, మీకు కేటాయించే వేళ టీ టైమ్. శనివారం ఉదయం సాధారణంగా సభ్యుల పోటీలుంటాయి, ఆ సమయం మీకు దొరకదు, దొరికినా వద్దు. ప్రో షాపుకి ఫోన్ చేసి నేరుగా చెప్పండి: "నేను కొత్తవాణ్ణి, కోర్సు ఖాళీగా ఉండే వేళ ఏది? అద్దెకు గోల్ఫ్ సెట్ ఉందా? దుస్తుల విషయంలో నియమాలేమిటి?" కొత్తవాణ్ణని చెప్పుకోవడం మనకు నామోషీగా ఉంటుంది. కౌంటరు అవతలివాడికి మాత్రం అది పనికొచ్చే సమాచారం. మీ వెనక పోటీ ఆటగాళ్లు పడకుండా చూస్తాడు.

దుస్తుల సంగతి క్లుప్తంగా ముగిస్తాను. కాలరున్న టీషర్టు, ప్యాంటు లేదా మోకాళ్ల దాకా వచ్చే నీటైన షార్ట్స్, గోల్ఫ్ బూట్లు లేదా శుభ్రమైన ట్రైనర్స్. జీన్స్ వద్దు. లోపలికి అడుగు పెట్టగానే టోపీ తీయాలి. కొన్ని పాత క్లబ్బుల్లో కార్ పార్కులో బూట్లు మార్చుకోవడం కూడా తప్పే. అందులో ఎవరికేం నష్టమో నాకైతే అర్థం కాదు, ఆ పట్టింపు ఇప్పుడు తగ్గుతోంది కూడా. అయినా అతిథిగా వెళ్లిన ఇంట్లో వాదన అనవసరం, లాకర్ రూములో మార్చుకోండి.

ఇక అసలు విషయం. మన దేశంలో గోల్ఫ్ రుచి చూసినవారికి ఇంగ్లండ్‌లో ఎదురయ్యే అతి పెద్ద తేడా గడ్డిలోనో వానలోనో ఉండదు, క్యాడీ లేకపోవడంలో ఉంటుంది. హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిల్లా పక్కన ఆడినా, బ్రిటన్ బయట అన్నిటికన్నా పాతదైన 1829 నాటి కలకత్తా క్లబ్బులో ఆడినా, వెంట ఒక మనిషి ఉంటాడు. బ్యాగు అతనే మోస్తాడు. బంతి ఎక్కడ పడిందో అతనే చూస్తాడు. ఏ కర్ర తీయాలో చెబుతాడు, ఇసుక చదును చేస్తాడు, లేచిపోయిన మట్టిపెళ్ల సర్దుతాడు. ఏళ్ల తరబడి ఆడిన పెద్దమనుషులకు కూడా ఇవన్నీ ఆటలో భాగమని తట్టదు. ఇంగ్లండ్‌లో పేరున్న కొన్ని కోర్సుల్లో తప్ప క్యాడీ కనిపించడు. డైరెక్టరైనా సర్జనైనా బ్యాగు భుజాన వేసుకుంటాడు, లేదా ట్రాలీ మీద తోసుకుపోతాడు. అంటే ఆ నాలుగు గంటలూ మీకు మీరే క్యాడీ. మొదటిసారి వెళ్లే మనిషి తల నుంచి 'నేను ఆటగాణ్ణి' అన్న భారం దించేసి, 'నేను క్యాడీని' అనుకుంటూ నడిస్తే సగం పొరపాట్లు జరగవు. స్వింగ్ కుదిరినప్పుడు కుదురుతుంది. క్యాడీ పని మాత్రం మొదటి రోజే వంక లేకుండా చేయవచ్చు.

ఆ పనికి కావలసిన సరంజామా తక్కువే. సగం సెట్టు చాలు. నియమం ప్రకారం 14 కర్రల దాకా ఉండవచ్చు గానీ కొత్తవారికి ఆరేడు మించితే ఎంపికతోనే సమయం పోతుంది. బంతులు పన్నెండు తీసుకెళ్లండి, చెరువుల్లోంచి తీసి అమ్మే పాత బంతులు చౌక, అవే మేలు. బంతి నిలబెట్టే టీలు గుప్పెడు, జెండా చుట్టూ ఉండే నున్నటి గ్రీన్ మీద బంతి చోటు గుర్తుపెట్టడానికి ఒక నాణెం, బంతి పడి చేసే పిచ్ మార్కు సరిచేసే చిన్న ఫోర్కు, తువ్వాలు, వాన కోటు. ఆకాశం నీలంగా ఉన్నా వాన కోటు ఉండాలి.

ఆట మొదలుపెట్టే ఒకటో టీ దగ్గర గుండె దడ తప్పదు. చాలా క్లబ్బుల్లో మొదటి టీ సరిగ్గా క్లబ్ హౌస్ కిటికీ ముందే ఉంటుంది, లోపల కాఫీ తాగేవాళ్ల చూపు మీ మీదే అనిపిస్తుంది. వాళ్లు చూసినా అరక్షణమే. రంగు గుర్తులు గమనించండి: తెల్లవి సాధారణంగా పోటీలకు, పసుపువి మామూలు ఆటకు, ఎర్రవి ఇంకా ముందుకు. ఎర్రవి ఆడవాళ్లకేనన్న పాత అలవాటును చాలా క్లబ్బులు వదిలేస్తున్నాయి. మీవాళ్లు ఏమీ అనుకోకపోతే అక్కడి నుంచే మొదలుపెట్టండి. అందరూ దూరం కొట్టే డ్రైవర్ కర్ర తీస్తున్నారని మీరూ తీయకండి. 7 ఐరన్‌తో నూరు గజాలు నేరుగా పోయిన బంతి, డ్రైవర్‌తో రెండు వందల గజాలు పోయి పక్కవాళ్ల పెరట్లో పడిన బంతికన్నా ఎంతో నయం. ఇతరులు కొట్టేటప్పుడు వాళ్ల వెనకాల గానీ, బంతి పోయే దారికి ఎదురుగా గానీ ఉండకూడదు. వాళ్లకు ఎదురుగా, కర్ర తగలనంత దూరంలో, కదలకుండా నిలబడాలి. ఎండ వేళ మీ నీడ వాళ్ల బంతి మీద పడుతోందేమో చూసుకోవాలి.

ఆలస్యం గురించి ఎంత చెప్పినా ఎక్కువ కాదు. పెళ్లిలో భోజనాల బంతి సాగుతుంటే వెనక కుర్చీ పట్టుకుని తర్వాతి బంతివాళ్లు నిలబడి ఉంటారే, గోల్ఫ్ కోర్సులో ప్రతి గుంపు వెనకా అలాగే ఇంకో గుంపు ఉంటుంది. మీరు పెరుగన్నం మీద ఆగిపోతే వాళ్లు పైకి ఏమీ అనరు, లోపల అంతా అనుకుంటారు. 2019లో నియమాలు మార్చినప్పుడు బంతి వెతికే సమయాన్ని అయిదు నిమిషాల నుంచి మూడుకు తగ్గించారు. ఒక్కో దెబ్బకు నలభై సెకన్లు మించవద్దని సూచించారు. పాత పద్ధతిలో జెండాకు దూరంగా ఉన్నవారే ముందు కొట్టాలి. ఇప్పుడు మామూలు ఆటలో ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్లు కొట్టేయవచ్చు, దాన్నే 'రెడీ గోల్ఫ్' అంటారు. మిగతావాళ్లు కొడుతున్నప్పుడే మీ దూరం అంచనా వేసుకుని కర్ర చేతిలోకి తీసుకోండి. గ్రీన్ చేరాక బ్యాగును తర్వాతి టీకి వెళ్లే వైపు పెట్టండి, గ్రీన్‌కు ముందు వదిలి వెనక్కి నడవకండి. స్కోరు గ్రీన్ మీద నిలబడి రాయకూడదు, అది తర్వాతి టీ దగ్గర రాసేది. ముందు ఒక హోల్ ఖాళీగా ఉండి వెనకవాళ్లు ఆగి ఉంటే పక్కకు జరిగి చెయ్యి ఊపి వాళ్లను పోనివ్వండి. అందులో అవమానమేమీ లేదు, ఆ దారినపోయే నలుగురూ మీకు థ్యాంక్స్ చెప్పి వెళ్తారు.

మరీ దారుణంగా ఆడుతున్న రోజున బంతి జేబులో వేసుకోవడం కూడా మర్యాదే. దీనికి ఒక డాక్టరు చేసిన మేలు ఉంది. ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అనే సర్జన్ కనిపెట్టిన పాయింట్ల లెక్కతో 1932లో వాలసీ క్లబ్బులో పోటీ పెట్టారు. ఆ లెక్కలో మీ హ్యాండిక్యాప్ పోగా పార్, అంటే ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బల సంఖ్య, వస్తే రెండు పాయింట్లు, ఒకటి ఎక్కువైతే ఒకటి, రెండు ఎక్కువైతే సున్నా. హోల్‌కు మూడు దెబ్బల వెసులుబాటు ఉన్న మనిషి నాలుగు పార్ హోల్‌ను ఏడు దెబ్బల్లో ముగిస్తే రెండు పాయింట్లు. ఎనిమిది కొట్టినా బంతి గుంతలో పడకపోతే ఇక వచ్చేదేమీ లేదు, బంతి తీసి జేబులో వేసుకుని జెండా పట్టుకోవచ్చు. పాడైన హోల్ అక్కడితో పోతుంది, తర్వాతిదానికి తగులుకోదు. మీవాళ్లు స్కోరు ఎలా లెక్కపెడదామని అడిగితే స్టేబుల్‌ఫర్డ్ అనండి.

పార్క్‌లాండ్‌లో బంతి చెట్లలోకి పోవడం నిత్యకృత్యం. అక్కడ బుద్ధిమంతుడికీ మొండివాడికీ తేడా తెలుస్తుంది. రెండు కాండాల మధ్య అడుగు సందు కనిపిస్తుంది, అందులోంచి జెండా కనిపిస్తుంది, మనసు లాగుతుంది. లాగనివ్వకండి. పక్కకు, గడ్డి కత్తిరించి ఉంచిన ఫెయిర్‌వే మీదికి చిన్న దెబ్బ కొట్టి బయటపడండి. బర్మింగ్‌హామ్ దగ్గర ది బెల్‌ఫ్రీలోని బ్రబాజన్ కోర్సు నాలుగుసార్లు రైడర్ కప్ పోటీకి వేదికైంది. అక్కడి 10వ హోల్‌లో నీళ్ల మీదుగా గ్రీన్‌ను 1978లో ప్రసిద్ధ ఆటగాడు సెవె బాలెస్తెరోస్ ఒక్క దెబ్బతో అందుకున్నాడు. అప్పటినుంచి అక్కడికి వెళ్లే ప్రతి మామూలు మనిషికీ ఆ కోరికే. చాలామంది బంతులు నీళ్లలోనే ఉంటాయి. మీకూ ఆశ పుడితే ఒక బంతి సమర్పించండి, రెండోది బుద్ధిగా కొట్టండి.

బంతి దొరకదేమోనని అనుమానం వస్తే ముందుకు నడవకముందే 'ప్రొవిజనల్' అని చెప్పి ఇంకొకటి కొట్టండి. తెల్ల మేకుల అవతల హద్దు దాటినట్టు, అక్కడున్నది ఎవరి పెరడో, దడి దూకి వెళ్లకూడదు. ఎరుపు, పసుపు మేకులు నీళ్లవంటి చోట్లకు. అక్కడ ఒక దెబ్బ జరిమానా, బంతిని మోకాలి ఎత్తు నుంచి జారవిడిచి ఆడటం. మీ బంతి మనుషుల వైపు పోతుంటే ఆ క్షణమే గొంతు చించుకుని "ఫోర్!" అని అరవాలి. మొహమాటంతో నోరు నొక్కుకోవడం ఇక్కడ ప్రమాదం. ఆ కేక మీకు వినిపిస్తే తలెత్తి చూడకండి, చేతులతో తల కప్పుకుని వంగండి.

ఇంగ్లండ్‌లో తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటుంది. చాలా పార్క్‌లాండ్ కోర్సుల మధ్యలోంచి పబ్లిక్ ఫుట్‌పాత్‌లు పోతాయి. క్లబ్బు పుట్టకముందు నుంచీ ఉన్న దారులు కావచ్చు, వాటి మీద నడిచే హక్కు చట్టంలో ఉంది. కుక్కను తీసుకుని ఒక పెద్దావిడ తాపీగా ఫెయిర్‌వే దాటుతుంటే ఆగాలి. ఆమెను తొందరపెట్టే హక్కు క్లబ్బు అధ్యక్షుడికి కూడా లేదు.

గ్రీన్ మీద క్యాడీ పని ఇంకా సున్నితం. పార్క్‌లాండ్ నేల చాలాచోట్ల బంకమట్టి, తేమ పట్టి ఉంటుంది, పైనుంచి పడిన బంతి చిన్న గుంత చేస్తుంది. ఫోర్కుతో అంచుల నుంచి మధ్యకు గడ్డిని నెట్టి, గ్రీన్ మీద వాడే పటర్ కర్ర అడుగుతో నెమ్మదిగా అదమాలి. కింద నుంచి పైకి ఎత్తితే వేళ్లు తెగుతాయి. వెంటనే సరిచేస్తే రోజుల్లో మానే మచ్చ, వదిలేస్తే వారాలు ఉంటుంది. మీది సరిచేసి పక్కన ఎవరిదో ఇంకొకటి కూడా సరిచేయండి. ట్రాలీ గ్రీన్ మీదికి రాకూడదు. ఇంకొకరి బంతికీ గుంతకూ మధ్యనున్న గీత తొక్కకూడదు. ఫెయిర్‌వే మీద లేచిన మట్టిపెళ్లను తెచ్చి అక్కడే పెట్టి కాలితో నొక్కాలి. ఇసుక నిండిన బంకర్‌లోకి గోడ తక్కువగా ఉన్న వైపు నుంచి దిగి, పోతూ పోతూ అడుగుల గుర్తులన్నీ రేక్‌తో చెరిపేయాలి.

శీతాకాలంలో మొదటిసారి వెళ్లకండి. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆ బంకమట్టి నీరు పట్టి ఉంటుంది, ఒక్కోసారి ట్రాలీలు నిషేధిస్తారు, గ్రీన్‌లు మూసి తాత్కాలికమైనవి కోసి పెడతారు. గడ్డి మీద మంచు గడ్డకట్టిన ఉదయం అది కరిగేదాకా ఎవరినీ అడుగు పెట్టనివ్వరు, ఆ గడ్డి మీద నడిస్తే ఆకు విరిగి చనిపోతుంది. ఫెయిర్‌వే మీద బంతిని తీసి తుడిచి, ఆరంగుళాల లోపు పెట్టుకోనిచ్చే శీతాకాలపు సడలింపు కొంత ఊరట. ఆకురాలే కాలంలో మధ్యలోకి కొట్టిన బంతి కూడా ఎండుటాకుల కింద మాయమవుతుంది. డబ్బు కట్టి కాళ్లు తడుపుకోవడం పాతకాపులకు సరదా, కొత్తవారికి విసుగు.

మాటల విషయానికి వస్తే, నాలుగు గంటల్లో సగం మౌనమే. అది కోపం కాదు. మంచి దెబ్బకు "గుడ్ షాట్", చెడ్డదానికి "బ్యాడ్ లక్", అంతకు మించి వ్యాఖ్యానం వద్దు. అడగనిదే సలహా అసలే వద్దు. జీతం, ఇంటి ధర తరవాత. ఫోన్ సైలెంట్‌లో ఉండాలి. వేసవిలో ఇంగ్లండ్‌లో ఉదయం తొమ్మిదైతే మన ఊళ్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, భోజనాలయ్యాక అమ్మ తీరిగ్గా వీడియో కాల్ చేసే వేళ. ముందురోజే చెప్పి ఉంచండి. తిండికి సగం దారిలో దొరికేది ఎక్కువగా బేకన్ రోల్. తిననివారు అరటిపండ్లు, గింజలు బ్యాగులో వేసుకోవాలి. పులిహోర డబ్బా టీ పక్కన బల్ల మీద విప్పుకోవచ్చు, క్లబ్ హౌస్‌లో మాత్రం విప్పకండి.

చివరి గ్రీన్ మీద టోపీ తీసి అందరితో చేతులు కలుపుతారు. తర్వాత బార్ దగ్గర ఒక్కొక్కరు ఒక్కో 'రౌండ్' కొంటారు. మద్యం తాగకపోయినా ఏమీ కాదు, ఆరెంజ్ జ్యూస్ అడగండి, ఎవరూ ఎందుకని ప్రశ్నించరు. కానీ మీ వంతు రౌండ్ మీరు కొనాలి. "నేను తాగలేదు కదా" అని పర్సు తీయని మనిషిని ఆ బల్ల మర్చిపోదు.

తొలిసారికి పద్దెనిమిది హోల్స్ వద్దు, తొమ్మిది చాలు. వెళ్లేముందు రెండు మూడు సాయంత్రాలు డ్రైవింగ్ రేంజ్‌లో 7 ఐరన్ ఒక్కటే పట్టుకోండి. మే, జూన్ నెలల్లో ఇంగ్లండ్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది, చాలా కోర్సులు సాయంత్రానికి 'ట్వైలైట్' పేరుతో ఫీజు తగ్గిస్తాయి, జనమూ పలచబడతారు. వారం మధ్యలో, ఆరు గంటల టీ టైమ్ అడిగి బుక్ చేసుకోండి.